ఎముకలోని తోడు

నంద్యాల,
14-8-1988.

అక్క మద్దిలేటమ్మకు, చెల్లెలు నాగేశ్వరి నమస్కరించి రాస్తున్నది. బావకు నా నమస్కారాలు చెప్పు. నేనింకా చూడని మీ పాపకు ముద్దులు. ఇక్కడ అందరం క్షేమమని రాసి, ఆ తర్వాత సంగతి ఎత్తుకోవడం మర్యాద. ఈసారి అలా రాయలేను. మన తమ్ముడు ఓబులేసుకు బాగాలేదు.

ఎండాకాలంలో చిగుళ్ళ నుంచి నెత్తురు కారితే వేపపుల్ల గుచ్చుకుందనుకున్నాం. తర్వాత ఒళ్ళంతా నేరేడుపండు రంగు మచ్చలు. వేలూరు తీసుకుపోయాం. వాడి ఎముకల మూలుగలో నెత్తురు పుట్టడం ఆగిపోయిందట. తోబుట్టువుల్లో ఎవరి మూలుగైనా సరిపోతే ఎక్కించవచ్చు, లేకపోతే ఎక్కువ రోజులు నిలవడు అన్నారు. పిల్లలెంతమందని డాక్టరు అడిగితే నాయన ఇద్దరు అన్నాడు. నాకు పరీక్ష చేశారు. సరిపోలేదు. అప్పుడు నేను, మేం ముగ్గురం అన్నాను. నాయన లేచి వరండాలోకి పోయాడు. తిరుగుదారిలో మీ ఆళ్లగడ్డ బస్టాండులో బస్సు ఆగినంతసేపూ కళ్ళు మూసుకొని నిద్ర నటించాడు.

కాలేజీలో ఉల్లివేరు కొనను గాజుపలక మీద నలిపి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో పిల్లలకు చూపించడం నా ఉద్యోగం. కణం లోపలి పోగులు రెండు కొసలకూ విడిపోతాయి, నడుమ గోడ లేస్తుంది. ఇల్లు రెండు వాటాలైనట్లే ఉంటుంది గానీ ఎవరి వాటాకూ తక్కువ రాదు. మూలుగలో ఉండే మూలకణాలు ఇంకా విచిత్రం. ఒకటి చీలి రెండైతే, ఒకటి నెత్తురుగా మారేందుకు పోతుంది, ఇంకొకటి మూలకణంగానే మిగులుతుంది. అందుకే నీ దగ్గర కొంచెం తీసినా కొన్ని వారాల్లో మళ్ళీ నిండుతుంది. ఎముకలు గుల్లవుతాయని ఎవరైనా భయపెడితే నమ్మకు. ఇదంతా అమ్మకు చెబితే, ఏముందే, తోడుకు పెరుగు ఎత్తిపెట్టుకున్నట్లే గదా అనింది.

గడప మీద కూర్చున్న నాయన, నీళ్ళొదిలిన ఇంటి నుంచి నిప్పూ తేరు, తోడూ తేరు అన్నాడు. నువ్వు ఇల్లు విడిచి పోయిన మర్నాడు కుందూ ఏట్లో మునిగి నీ పేరున నీళ్ళొదిలిన మనిషి. ఆరేళ్ళుగా ఆ పట్టు వదల్లేదు.

కాసేపటికి తనే, ఎక్కించిన నెత్తురు ఎన్నాళ్ళుంటాది అని అడిగాడు. నేను దాచలేదు. వాడి మూలుగను ముందు మందులతో పూర్తిగా చంపేస్తారు, ఆ తర్వాత వాడు బతికినన్నాళ్ళూ ఒంట్లో పుట్టే ప్రతి నెత్తురుబొట్టూ అక్కదే అన్నాను. చనిపోయిందనుకొమ్మని ఊరికి చెప్పిన కూతురు, కొడుకు ఒంట్లో బతకాలి. మంచం మీది నుంచి ఓబులేసు, అట్లయితే నేను గూడా చెప్పకుండా ఎవరినో పెండ్లి చేసుకోని పోతానేమో సూడు నాయనా అన్నాడు. అమ్మ వాడి నోరు మూసింది. నాయన కండువా దులుపుకొని కొట్టం వైపు పోయాడు. నవ్వాడో లేదో వెనక నుంచి తెలియలేదు.

అక్కా, నీది సరిపోతుందని ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. నలుగురు తోబుట్టువుల్లో ఒకరికి కుదిరితే గొప్పట. ముందు నెత్తురు పరీక్షకు రావాలి. రానంటే నిన్ను తప్పుపట్టే అర్హత ఈ ఇంట్లో ఎవరికీ లేదు. కానీ వాడు రోజూ అన్నం సగంలో వదిలేసి పడుకుంటున్నాడు. నేను చూస్తూ ఉండలేక రాస్తున్నాను. పైవారం మళ్ళీ వేలూరు బయలుదేరతాం. బావతో మాట్లాడి ఒక కార్డు ముక్క రాయి.

ఇట్లు,
నీ చెల్లెలు,
నాగేశ్వరి.

తా.క.: నాయనకు తెలియకుండా రాశాననుకున్నాను. పొద్దున కవరు అంటిస్తుంటే వచ్చి పక్కన నిలబడి, ఎముకలోనించి తీసేటప్పుడు ఆ పిల్లకు నొప్పి అయితాదా అని అడిగాడు. మత్తు ఇస్తారు గానీ లేచాక కొన్నాళ్ళు నడుము నొప్పి పెడుతుంది అన్నాను. అయితే ఆ మాట గూడా రాయి, చెప్పకుండా పిలవొద్దు అన్నాడు. అందుకే కవరు విప్పాను. నొప్పి ఉంటుందక్కా.