లచ్చమ్మవ్వ గోడ

ఆగస్టు 9, శనివారం

ఇవాళ బూర్గంపాడు దగ్గర వరద ఇళ్ల సర్వేకు వెళ్లాను. లచ్చమ్మవ్వ ఇంటి గోడలో బొటనవేలు దూరేంత పగులు. ఫారంలో ‘శిథిలం’ అని రాస్తుంటే నా చెయ్యి పట్టుకుంది.

“గట్టిగున్నదని రాయి బిడ్డా. కూలుతదని రాస్తే ఖాళీ చేయమంటరు. నేనేడికి పోవాలె?”

“మీద పడితే ఎట్ల అవ్వా?”

“నలభై ఏండ్ల సంది నిలబడ్డది. నీకంటె గట్టిదే పో!”

నవ్వేశాను. శిథిలం కొట్టేసి ‘దృఢం’ అని రాశాను.

దృఢమైన ఇళ్లకు టార్పాలిన్ కూడా ఇవ్వరని సాయంత్రం ఆఫీసులో తెలిసింది. మారుస్తానంటే, లిస్టు వెళ్లిపోయిందన్నారు.

ఇప్పుడు వాన దంచుతోంది. అవ్వ మంచం ఆ గోడకే ఆనించి ఉంది.