ఉర్లగడ్డ

బాపట్ల, 1968. మంగళవారం రాత్రి.

కడప నుంచి ఈ ఊరి బడికి టీచరుగా వచ్చిన కొత్తలో నేను ఉర్లగడ్డలు అడిగితే కూరలమ్మే సుబ్బమ్మ పగలబడి నవ్వేది. ఇవాళ నా నోట దానంతటదే వచ్చేసింది, బంగాళాదుంపలని.

"అమ్మయ్య, టీచరమ్మగారికి మా మాటొచ్చేసింది!" అంటూ పచ్చబారిన దుంపలు ఏరి పక్కన పడేసింది. "ఇవి చేదండి. మిగతావి ఉల్లిపాయల్తో కలిపి పెట్టకండి, మొలకలొస్తాయి."

గదికొచ్చి వాటిని మంచం కింద చీకట్లో, ఇసుక మీద పరిచాను. ఒక్క మనిషికి ఇన్నెందుకు కొన్నానో! అమ్మ పోయాక నాతో ఉర్లగడ్డ అనేవాళ్లెవరూ లేరు. ఇక నేను కూడా అననా? దుంపల ముందు కూర్చుని, "ఉర్లగడ్డ" అని గట్టిగా అన్నాను.

ఎవరూ నవ్వలేదు.