కట్ట మీది కొబ్బరిచెట్టు

మస్కట్‌లో ఉన్న మా ఆయన తాతాజీ గారికి వీరవేణి నమస్కారం పెట్టి రాస్తున్న సంగతులు. నేనూ, పాపా, గేదే అందరం ఇక్కడ కులాసా. మీరూ వేళకి తింటూ ఒంట్లో బాగున్నారని అనుకుంటున్నాను.

ఏమండీ, మన కట్ట నిలబడింది! మొన్న వాయుగుండానికి కొండల మీద నుంచి వాగు విరుచుకుపడితే, ఊరికి ఎగువనున్న మన మట్టికట్ట అంత నీటినీ ఆపేసింది. ఊళ్ళోకి చుక్క రాలేదు. ఇంత సంబరాన్ని ఫోన్‌లో చెప్పచ్చు కదా అంటారేమో. దీని వెనక మీకు కోపం తెప్పించే పని ఒకటి చేశాను. ఫోన్‌లో అయితే సగం వినగానే టక్కున పెట్టేస్తారు. అందుకే లోకనాథ్ సెలవు అయిపోయి అక్కడికి వస్తుంటే, ఆవకాయ సీసాతో పాటు ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నాను. చివరిదాకా చదివాక తిట్టండి.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. దేవిశ్రీకి లెక్కల ట్యూషన్ పెట్టించాను, ఏడుస్తూనే వెళ్తోంది. గేదె ఈనింది, పెయ్యదూడ, అచ్చం తల్లి పోలికే. ఇక కట్ట మీద మీ అమ్మగారి పేరున వేసిన కొబ్బరిచెట్టు గెల వేసిందా అని అడిగారు. వేసిందండీ. ఆ సంగతికే వస్తున్నాను.

ఎండాకాలంలో ఇరిగేషన్ ఆఫీసు నుంచి సుప్రియ గారని కొత్త ఇంజనీరు, ఏఈ అంటారు, వచ్చారు. చిన్న వయసే. కట్ట మీద కొబ్బరిచెట్ల వరస చూసి తల పట్టుకున్నారు. "వీటిని ఎవరండీ వేసింది?" అని అడిగితే అందరూ నా వైపు చూశారు! నిజమే మరి. రామచంద్రపురం వైపు నుంచి వచ్చినవాళ్ళం, గట్టు కనబడితే కొబ్బరిమొక్క పెట్టకుండా మన చెయ్యి ఊరుకోదు. మీరు మొదటిది పెట్టారు, మిమ్మల్ని చూసి ఊరంతా పెట్టింది.

"మా వైపు కాలవగట్లన్నీ కొబ్బరిచెట్లే కదండీ, వాటికేమైంది?" అన్నాను. నేనూరుకుంటానా!

"కాలవలో వచ్చేవి కొలిచి వదిలిన నీళ్ళండి. ఇక్కడ వాగంతా ఒక్కసారే వచ్చి కట్ట మీద పడుతుంది. చెట్టు గాలికి ఒరిగినా, వేరు కుళ్ళి డొల్ల పడినా నీళ్ళు అదే దారి పట్టుకుని కట్టని తినేస్తాయి. గడ్డి ఎంతైనా పెరగనివ్వండి, చెట్టు మాత్రం వద్దు" అన్నారావిడ.

మన వీధి భీమరాజు గారికి ఒళ్ళు మండింది. "కట్ట వెనక చోటంతా ఏడాది పొడుగునా ఖాళీగా పడుంటుంది. నాలుగు చేపలు పెంచుకుందామన్నా నీళ్ళు నిలవనివ్వరు. కాయలూ వద్దంటే ఇంకెందుకమ్మా ఈ కట్ట?"

"ఖాళీగా ఉండటమే దీని పనండి. వరదొచ్చిన రోజున పట్టడానికి చోటుండాలి కదా. పట్టి, తూములోంచి మెల్లమెల్లగా వదలాలి. అంతే."

అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదండీ. అత్తయ్య పోయిన ఏడాది ఈ కట్ట లేదు. వాకిట్లో కూర్చున్న మనిషిని వాగు లాక్కుపోయింది. ఆ వరద చూశాకే కదా ఈ కట్ట వేశారు! అలాంటి కట్టకి ఆవిడ పేరు పెట్టుకున్న చెట్టే ఎసరు పెడుతుందంటే నాకు ముద్ద దిగలేదు.

ఏఈ గారు ఎన్నిసార్లు చెప్పినా ఒక్కరూ కదల్లేదు. భీమరాజు గారైతే తేల్చి చెప్పేశారు. "మీ ఆయన్ని చూసే కదా మేమంతా మొక్కలేశాం. ముందు మీ చెట్టు కొట్టించు చెల్లెమ్మా, ఆనక మా చెట్ల సంగతి చూద్దాం."

ఇక దాచను. కొట్టించేశానండీ. గెల నిండా పిందెలతో ఉన్న చెట్టుని శ్రావణమాసంలో కొట్టించేశాను. మొదటి కాయలు అన్నవరం సత్యనారాయణస్వామికి కొడదామన్నారు మీరు, అదీ గుర్తుంది. మొదలుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, "అత్తయ్యా, మీరు ఏమీ అనుకోకండి" అని దణ్ణం పెట్టుకుని, మొదటి దెబ్బ నేనే వేశాను. మిమ్మల్ని ఎందుకు అడగలేదంటారా? అడిగితే వద్దంటారు. వద్దన్నాక కొట్టిస్తే మీ మాట దాటినట్టు. అడగకపోతే ఆ తంటా లేదు కదా!

మొదలు తవ్వితే ఏం కనబడిందో తెలుసా? వేళ్ళ కింద పందికొక్కు బొరియ! సుప్రియ గారు పొడుగాటి వెదురుకర్ర దూరిస్తే మొత్తం లోపలికి పోయింది. భీమరాజు గారు వంగి ఆ బొరియలోకి తొంగి చూశారు. మర్నాడే తన చెట్టుకి గొడ్డలి పెట్టించారు. ఇక మిగతావాళ్ళూ దిగొచ్చారు. గోతుల్లో బంకమట్టి పొరలు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిసలతో గట్టిగా కొట్టించారు.

మొన్న పొద్దున్నే వచ్చింది వరద. మీరు చూడాల్సిందండీ! మేకలు మేసే చోటంతా సముద్రమైపోయింది. మిగులు నీళ్ళు పక్కనున్న రాతి అలుగు మీద నుంచి హోరుమని ఊరికి ఆవలి వైపుకి పొర్లిపోతున్నాయి. కట్ట దిగువన తూము మాత్రం తన పాటికి తాను వదులుతోంది. ఊరంతా గొడుగులేసుకుని కట్టెక్కేసింది. "ఇదేమన్నా తిరునాళ్ళేంటండీ? దిగండి కిందకి!" అని సుప్రియ గారు ఒకటే అరుపులు. ఎక్కడైనా బురదనీళ్ళు ఊరుతున్నాయేమో అని కట్ట వెంట చూసుకుంటూ వస్తున్నారు. నేను తిన్నగా మన చెట్టున్న చోటికే పోయాను. వాన తడే తప్ప ఊట అన్నదే లేదు! సంతోషం పట్టలేక ఏఈ గారిని వాటేసుకున్నాను. ఆవిడ రెయిన్‌కోటంతా బురద చేసేశాను.

వాన తగ్గాక వీధిలోకి వచ్చాను. భీమరాజు గారి అమ్మ పాపాయమ్మ గారు వాకిట్లో పీట మీద కూర్చుని, "వాగొచ్చిందంటగా, ఏదే?" అని నన్నే అడుగుతున్నారు! నవ్వబోయి ఏడ్చేశాను.

కోప్పడితే పడండి, మాట్లాడటం మాత్రం మానకండి. ఆ ఏడు మీరు "అమ్మా, అమ్మా" అని అరుచుకుంటూ పొలాలన్నీ వెతికారు. ఈ వరదకి మన ఊళ్ళో ఏ కొడుకూ అలా తిరగలేదండీ.

ఇట్లు,
మీ అమ్మగారి కోడలు,
వీరవేణి