ఆ టై అబ్బాయి మా కొట్లోనే ఉన్నాడు

ఇందుమూలంగా ఉయ్యూరు ప్రజలందరికీ తెలియజేయడమేమనగా, విజయవాడ వన్ టౌన్‌లో నేను అద్దెకుంటున్న గదికి కిటికీ రెక్క ఊడిపోయినది. ఓనరుగారు దాని స్థానంలో పాత కేలెండరు కట్టించినారు. గాలి రావడం లేదు గానీ పండగలు తెలుస్తున్నవి.

అక్కయ్యకు తమ్ముడు నాగేశ్వరరావు నమస్కరించి రాసేది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? బావగారి బీపీ అదుపులో ఉందా? నా మేనకోడలు మాధవి వేళకి తింటోందా? నాకు బట్టల కొట్లో పని కుదిరింది. పొద్దస్తమానం చీరలు విప్పడం, మడవడం. ఎండలు మండిపోతున్నాయి. మెస్సు సాంబారులో గిన్నె అడుగు కనిపిస్తుంది గానీ ముక్క కనిపించదు. ఆదివారం పలకరించే మనిషి లేక, బస్సెక్కి గుణదల దాకా ఊరికే వెళ్లొస్తున్నాను. అయినా బాగానే ఉన్నాను, దిగులు పడకు. ఎవరైనా ఇటు వస్తుంటే గోంగూర పచ్చడి పంపు.

ఫోన్లో చెబుదామంటే బావగారు మధ్యలోనే పెట్టేస్తున్నారు. అందుకే ఉత్తరం. ఆయన అన్నానికి కూర్చున్నాక పైకి చదువు.

బావగారూ, కాలేజీ తరఫున సీట్లు నింపుకోవడానికి మీ ఇంటికొచ్చిన ఆ పెద్దమనిషి మీద నాకు అనుమానంగా ఉంది. మాధవి ఇంజనీరింగులో మెకానికల్ చదువుతానంటుంటే, "ఆడపిల్లకి మిషన్లెందుకండీ, కంప్యూటర్స్‌లో వేయండి, ఉద్యోగం గ్యారంటీ" అన్నాడట. సోమవారం వచ్చి పిల్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకెళతాడట. అవి వాళ్ల బీరువాలో పడ్డాయా, ఇక పిల్ల వేరే కాలేజీ గుమ్మం తొక్కలేదు.

మా కొట్లో నా పక్కన చీరలు మడుస్తూ, మధ్యమధ్య కంప్యూటర్లో బిల్లులు కొట్టే గిరి చదివింది ఆ కంప్యూటర్సే. లెక్కలు రాసే ఆవిడ చదివింది జువాలజీ. మెకానికల్ చదివినాయన మా వీధి చివర బ్యాంకులో ఉన్నాడు.

"ఏరా గిరీ, నీ కంప్యూటర్ చదువేమైందిరా?" అన్నాను మొన్న.

"బిల్లు కొడుతున్నాగా బాబాయ్! నువ్వేం చదివావు?"

"ఇంటర్ తప్పాను."

"ఇద్దరం ఒకే చీరకి చెరో కొసా పట్టుకున్నాం. మరి నాలుగేళ్లు నేనెందుకు కూర్చున్నట్టు?"

ఏ చదువుకి ఏ ఉద్యోగమో ముందే చెప్పగలిగినవాడు నాకింతవరకు తగల్లేదు. మెకానికల్‌కి గ్యారంటీ ఉందని నేనూ అనను. ఎటూ తెలియనప్పుడు పిల్ల ఇష్టంగా చదివేదే నయం కదండీ. మీ చెరుకు తోట మోటారు విప్పి బాగుచేసింది ఎవరు?

ఇంకో సంగతి. ఆయన మీకిచ్చిన పుస్తకం అట్ట మీద, పెద్ద కంపెనీలో ఉద్యోగం వచ్చిందంటూ టై కట్టుకుని నవ్వే అబ్బాయి ఉన్నాడట గదా. ఆ అబ్బాయి మా కొట్లోనే జాకెట్టు ముక్కలు కత్తిరిస్తున్నాడు. అడిగితే, "టై ఫొటోగ్రాఫరుదండీ, నవ్వు మాత్రం నాది" అన్నాడు.

అక్కడి పెద్దలందరికీ నా దణ్ణాలు. మాధవికి దీవెనలు. మీ ఇద్దరి చల్లని చూపు నా మీద ఉంటే ఈ ఊళ్లో ఎలాగో నెట్టుకొస్తాను.

మీ నాగేశ్వరరావు

అక్కా, ఇక్కడి నుంచి పైకి చదవకు. టై అబ్బాయి మా కొట్లో లేడు. మాధవి ఫోన్లో చెప్పిన అట్ట బొమ్మని పట్టుకుని అల్లేశాను. గిరి మాత్రం నిజం. బావ నా మాట ఏనాడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మడు. "వీడి అబద్ధం బయటపెడతాను" అంటూ సోమవారం లోపే ఆ కాలేజీకెళ్లి, ఎవరికి ఏ ఉద్యోగం వచ్చిందో తనే కనుక్కుంటాడు. నాక్కావలసిందీ అదే. ఆయన బస్సెక్కగానే పిల్ల సర్టిఫికెట్లు మీ ఇంటి బీరువాలో పెట్టి, తాళంచెవి నీ కొంగున కట్టుకో.