పెదనాన్నగారి షుగరు రంగు

గన్నవరం,
జూన్ 3

పూజ్యులు పెదనాన్నగారికి హరిచందన నమస్కరించి రాస్తున్నది.

ఫోనులో చెప్పిన మాట గాలికి పోతుంది, కాగితం మీద పెట్టమన్నారు కదా, పెట్టాను. మీ పరీక్షల పట్టికని మా ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో తయారుచేసి మొవ్వలో నెట్ సెంటరుకి పంపాను. పెద్దమ్మ ప్రింటు తెచ్చి మీకు చదువుతుంది. ఒక వరసలో డాక్టరుగారు ఉండాలన్న అంకె, పక్క వరసలో మీకు ఉన్న అంకె. రెండింటినీ సాఫ్ట్‌వేరే పోల్చి రంగు వేస్తుంది. హద్దులో ఉంటే పచ్చ, దాటితే ఎరుపు. అంకెలతో బుర్ర పాడుచేసుకోకండి, రంగు అడగండి చాలు. షుగరు దగ్గర పచ్చ పడితే మీ శుక్లాల ఆపరేషను చేస్తానని డాక్టరుగారు మాటిచ్చారు.

మీ తమ్ముడి కూతురు,
హరిచందన

తా.క.: చూపు లేని బతుకెందుకు అన్నారట మొన్న. ఇంకెప్పుడూ అనకండి.

మొవ్వ,
జూన్ 14

చిరంజీవి హరిచందనను ఆశీర్వదించి పెదనాన్న అచ్యుతరామారావు చెబుతుండగా మీ పెద్దమ్మ రాస్తున్నది.

నీ పట్టిక అందింది. షుగరు పచ్చ, బీపీ పచ్చ, బరువు పచ్చ అని మీ పెద్దమ్మ చదివింది. తెలుగు పంతులుగా జీవితమంతా ఎర్రసిరా వాడినవాణ్ణి, పచ్చ విలువ నాకు తెలుసు. ఆ పూట రెండు బందరు లడ్డూలు తిని, మర్నాడే బెజవాడ వెళ్లి ఆపరేషనుకి రోజు పెట్టమన్నాను. డాక్టరుగారు రక్తపరీక్ష చూసి, "మీకు పచ్చ అని చెప్పిందెవరండీ?" అన్నారు. అంతమంది రోగుల ముందు తలవంచుకుని వచ్చాను. అబద్ధాలాడే యంత్రం దగ్గర జీతం తీసుకోవడం మన ఇంటావంటా లేదు.

ఆశీస్సులతో,
పెదనాన్న

తా.క.: ఇది నా సొంతం, ఆయనకి చదివి వినిపించను. యంత్రాన్ని ఏమీ అనకమ్మా. ఇక చూపు రాదేమోనన్న దిగులుతో అన్నం సహించని మనిషి ఆ పూట కడుపునిండా తిన్నారు. – కనకవల్లి

గన్నవరం,
జూన్ 20

పెదనాన్నగారి పాదాలకు నమస్కారాలు.

తప్పు ఎక్కడ జరిగిందో తెలియక తల పట్టుకుని కూర్చున్నాను. మీ షుగరు నా కంప్యూటర్లో ఎర్రగానే ఉంది. నాతో పనిచేసే ఏంజెల్, మా మేనేజరు లక్ష్మీకాంత్‌గారు కూడా చూశారు. గన్నవరంలో ఎర్రగా ఉన్నది మొవ్వ చేరేసరికి పచ్చబడటం మా కంపెనీలో ఇంతవరకు లేదన్నారు. అయినా రెండు వరసల్నీ పోల్చే పద్ధతి మొత్తం మళ్లీ రాశాను. ఎరుపు ఇంకా ముదురు చేశాను. ఈసారి ఎవరి కంటికైనా కనపడి తీరుతుంది.

ఇట్లు, సిగ్గుపడుతూ,
హరిచందన

తా.క.: మేనేజరుగారు మీ షుగరుని కంప్లయింటు కింద నమోదు చేశారు. అది తగ్గేదాకా నా పేరు మీదే ఉంటుందట.

మొవ్వ,
జూలై 18

చిరంజీవి హరిచందనకు పెదనాన్న దీవెనలు.

నీ యంత్రానికి బుద్ధి వచ్చింది. షుగరు ఎరుపు అని ఒప్పుకుంది. అంతటితో ఆగక కింద ఇంకా చాలా చెప్పింది. కాఫీలో చక్కెర ఎరుపు. సాయంత్రం కాలవగట్టు మీద నడక పచ్చ. కాకరకాయ పచ్చ. కంచం ముందు కేకలు ఎరుపు. గోరుచిక్కుళ్లు తుంచిపెట్టడం పచ్చ. చిక్కుళ్లకీ షుగరుకీ సంబంధమేమిటని అడిగితే, "రెండు వరసలు పోల్చి వేసిన రంగు, నాకేం తెలుసండీ" అంది మీ పెద్దమ్మ. శాస్త్రానికి ఎదురు చెప్పేవాణ్ణి కాను. నిన్న తడుముకుంటూ అరకిలో తుంచాను.

పెదనాన్న

తా.క.: ఇక యంత్రం జోలికి వెళ్లకు. ఇప్పుడు చాలా బాగా పనిచేస్తోంది. – కనకవల్లి

గన్నవరం,
ఆగస్టు 22

పెదనాన్నగారికి నమస్కరించి,

షుగరు హద్దులోకి వచ్చిందనీ, ఆపరేషనుకి రోజు పెట్టారనీ నాన్న చెప్పారు. ఆఫీసులో ఏడ్చేశాను. అయితే ఒక మాట. నా పట్టికలో ఉన్నవి షుగరు, బీపీ, బరువు, అంతే. కాకరకాయ, కేకలు, గోరుచిక్కుళ్లు నేను పెట్టినవి కావు. మా సాఫ్ట్‌వేర్‌లోకి ఎవరో చొరబడ్డారని ఏంజెల్ భయపడుతోంది.

మీ హరిచందన

తా.క.: చొరబడ్డది ఎవరో తెలిస్తే పోలీసులకి చెప్పొద్దు, ఉద్యోగమిద్దాం అంటున్నారు మేనేజరుగారు.

మొవ్వ,
సెప్టెంబరు 16

అమ్మా హరిచందనా, దీర్ఘాయుష్మతివి కా.

ఇది నా చేత్తో నేనే రాస్తున్నాను. కుడికన్ను బాగైంది. ఇంటికి రాగానే నీ పట్టికలు తీసి చూశాను. ఒక్క కాగితంలోనూ రంగు లేదు. నా కంటి దోషమేమోనని నెట్ సెంటరు సొలొమోనుని అడిగాను. "మా మిషన్లో నల్ల ఇంకు తప్ప వేరే లేదండీ, అమ్మగారికి మొదటిరోజే చెప్పాను" అన్నాడు.

నీ సాఫ్ట్‌వేర్‌లో ఏ తప్పూ లేదు తల్లీ. రంగులు వేసింది మీ పెద్దమ్మ. నేను తిండి మానేస్తే పచ్చ అంది, లడ్డూలు తింటే ఎరుపు అంది. నాకు చూపు ఆవిడ తెచ్చిపెట్టింది. ఈ మాట ఆవిడతో అందామని వెళ్లి, మంచినీళ్లు అడిగి తాగి వచ్చాను. నువ్వూ అనకు. ఇవాళ కూడా కాగితం పట్టుకుని వచ్చి యథాప్రకారం చదివింది.

నీ మేలు కోరే,
పెదనాన్న

తా.క.: చివరి వరస, "హంసలదీవి వెళ్లి సముద్రం చూడటం" అని చదివింది. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ నోట అలాంటి కోరిక వినలేదు. రంగేమిటన్నాను. పచ్చ అంది. కాగితం నా చేతికి తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని చూశాను. పచ్చగానే ఉంది.