లోపల ఎవరూ లేరు

2004 ఆగస్టు 9

కంప్యూటర్‌లో వెబ్ పేజీలు రాసే PHP వచ్చని చెబితే కామరాజు సార్ నవ్వాడు. మా కెమికల్ ఫ్యాక్టరీ సేఫ్టీ ఆఫీసర్. డ్రమ్ములు మోసెటోనివి, నీకెక్కడిదిరా అన్నాడు. సంగారెడ్డి బస్టాండ్ ఎదురు నెట్ సెంటర్‌లో నా అంతట నేనే నేర్చుకున్నానని చెప్పాను. అయితే సైరన్ మోగినప్పుడు లోపల ఎవరు మిగిలారో చూపించే పేజీ చెయ్యమన్నాడు. చేస్తాను. ఆ నవ్వు ఆయన మూతి మీదే ఎండిపోవాలి.

ఆగస్టు 12

నలభై లైన్ల లూప్ పారేశాను. array_diff ఒక్క లైను చాలు. గేటు దగ్గర లోపలికి వచ్చినవాళ్ల పేర్లు ఒక array, అంటే ఒక జాబితా, బయటికి పోయినవాళ్లవి ఇంకొకటి. రెండూ ఇస్తే మిగిలిన పేర్లు చేతిలో పెడుతుంది. ఏమీ మిగలకపోతే పేజీ పచ్చగా మారి ఇలా రాస్తుంది: లోపల ఎవరూ లేరు.

ఆగస్టు 17

డ్రిల్ అయింది. పచ్చ. కామరాజు సార్ నవ్వలేదు.

ఆగస్టు 21, పొద్దున 11

రెండో బ్లాకులో గ్యాస్ లీకైంది. ఆరు నిమిషాల్లో పేజీ పచ్చబడింది. గ్యాస్ బయటికి రాకుండా ఆ బ్లాకు తలుపులు బిగించేశారు. ఊడ్చే రాజవ్వ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. లోపట ఎవరో ఇనుం మీద కొడుతున్నరు కొడుకా, జెర తెరువుమని చెప్పు అంది. పైపులు సల్లబడితే గట్లనే మోగుతయి అన్నాడు సార్. ఆమె నన్నే చూసింది. నేను స్క్రీన్ చూపించాను. ఎవ్వరూ లేరవ్వా అన్నాను.

12.30

మూడు. ఆగి, మూడు. నాకూ వినిపించింది. పైపులు లెక్కపెట్టి మోగవు. తెరవమని అరిచాను. మాస్కులు తెచ్చేసరికి చప్పుడు ఆగిపోయింది.

ఆగస్టు 22

మనిషి ఉన్నాడు. తలుపు పక్కనే, చేతిలో స్పానర్‌తో.

నిన్నటి గేటు లిస్టులో సత్తయ్య పేరు రెండుసార్లు ఉంది. సత్తయ్య మాత్రం బయట చాయ్ తాగుతున్నాడు. కాంట్రాక్టర్ పెద్దరాములును గల్లా పట్టి అడిగాను. కొత్తోడు, కార్డు రాలే, సత్తయ్య పేరు మీద పంపిన, అందరం గట్లనే పంపుతం గదా అన్నాడు. అసలు పేరేందంటే యాదిలేదట. ఒరిస్సా అన్నట్టుందట.

అందరం. నాకు తెలియదా? మొదటి నెల నేను కూడా లింగం అనే ఇంకొకడి పేరు మీదే పనిచేశాను. కోడ్ రాసేటప్పుడు అది గుర్తు రాలేదు. ఒక పేరు ఎన్నిసార్లు ఉందో array_diff లెక్కపెట్టదు. బయట ఒక్క సత్తయ్య కనబడగానే లోపలి సత్తయ్యలు ఇద్దరినీ తుడిచేసింది.

ఆగస్టు 24

కంపెనీ రిపోర్టు: ఎవరూ చనిపోలేదు. లిస్టులో పేరున్న ప్రతివాడూ బతికే ఉన్నాడు. సాక్ష్యం, నా పేజీ ప్రింటౌట్. శవాన్ని ఏ వ్యాన్‌లో ఎటు పంపారో ఎవరూ చెప్పరు.

ఆగస్టు 26

array_count_values. ఏ పేరు ఎన్నిసార్లు వచ్చింది, ఎన్నిసార్లు పోయింది. ఆ రోజు లిస్టులు వేసి నడిపాను. ఎరుపు. లోపల ఒకరు: సత్తయ్య.

ప్రింట్ తీసి నోటీస్ బోర్డుకు అంటించాను. సార్ చింపాడు. పాత పేజీ పెట్టు, లేకుంటే గేటు బయటనే ఉంటవు అన్నాడు. మళ్లీ అంటించాను. సత్తయ్య వచ్చి బతిమాలాడు. నేను బతికే ఉన్న గద తమ్మీ, నా పేరు తీసెయ్, బువ్వ దిగుతలేదు అన్నాడు. తీసేశాను. పేరు చోట ఖాళీ వదిలాను.

ఆగస్టు 29, ఆదివారం

ఫ్యాక్టరీ బంద్. వచ్చినవాళ్లు సున్న, పోయినవాళ్లు సున్న. పేజీ ఎర్రగా ఉంది. లోపల ఒకరు.

రెండో బ్లాకు తలుపు దగ్గరికి పోయాను. మూడు. ఆగి, మూడు. ఇవతల నుంచి నేనూ మూడు కొట్టి, పేరు అడిగాను.

చెప్పాడు. రేపు పొద్దున బోర్డు మీద ఉంటుంది.