పెదవులు నావే

ప్రియమైన తమ్ముడికి,

షూటింగ్ సామాను వెళ్లిపోయాక మన ఫోటో స్టూడియో బోసిపోయింది. నా చక్రాల కుర్చీ వెనకే నువ్వు కెమెరా పట్టుకుని తిరిగిన రోజులు బాగున్నాయి. నిన్న పాస్‌పోర్టు ఫోటోకి వచ్చినాయన మీ మీద సినిమా తీస్తున్నారటగా అన్నాడు. ముందు గడ్డం దించండి అన్నాను. రెండోసారికి దించాడు. చూశావా, వినాలనుకుంటే నా మాట ఎవరికైనా అర్థమవుతుంది.

అందుకే మళ్లీ చెబుతున్నా. సినిమాలో నా గొంతే ఉండాలి. మాట ముద్దగా వచ్చినా, తడబడినా సరే, కింద అక్షరాలు వెయ్యి. నేను ఒప్పుకున్నది ఆ ఒక్క షరతు మీదే. చిన్నప్పటి నుంచి నా మాటను అందరికీ విడమరిచి చెప్పింది నువ్వే కదా. బడిలో గ్రూప్ ఫోటో రోజున మధ్యలో కూర్చుంటానని నేనంటే, నువ్వే వెళ్లి టీచరుకు చెప్పావు. ఆవిడ నన్ను ఫోటోలోకే రానివ్వలేదు, అది వేరే సంగతి. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

నీ మీద కొండంత నమ్మకంతో,
అక్క

*

ప్రియమైన అక్కకు,

ఎడిటింగ్‌తో ఊపిరాడటం లేదు. నీ మాటలు విని నిర్మాత, జనం పది నిమిషాల్లో లేచిపోతారన్నాడు. గొంతు విషయంలో చిన్న సర్దుబాటు చెయ్యాల్సి వచ్చింది. ఒక్క ముక్క మార్చలేదు, ఒట్టు. చూశాక నువ్వే మెచ్చుకుంటావు. మొదటి ఆట వేసే హాలు మెట్ల పక్కన నీ కుర్చీ కోసం వాలుదారి కట్టించాను. అమ్మను తీసుకుని తప్పకుండా రా.

ఎప్పటికీ నీ నోరు,
తమ్ముడు

*

తమ్ముడికి,

వాలుదారి బాగుంది. కుర్చీ ఎక్కడా జారలేదు.

తెర మీద పెదవులు నావే. వాటిలోంచి ఎవరిదో తేనె పూసిన గొంతు. మాలాంటి వాళ్ల హక్కుల కోసం నేను తిట్టిన తిట్లు కూడా జోలపాటలా వినిపించాయి. హాలంతా కళ్లు తుడుచుకుంది. డబ్బింగ్ చెప్పిన అమ్మాయి చేతులు పట్టుకుని అమ్మ, "నా కూతురు మాట్లాడితే ఇలాగే ఉండేదమ్మా" అని ఏడ్చింది. నేను పక్కనే ఉన్నాను. బుద్ధెరిగినప్పటి నుంచీ మాట్లాడుతూనే ఉన్నాను.

తర్వాత విలేకరి వచ్చి సినిమా ఎలా ఉందని అడిగాడు. అది నా గొంతు కాదు, నన్ను అడక్కుండా మార్చేశారు అన్నాను. ఆయన అర్థం కాక నీ వైపు చూశాడు. నువ్వు నవ్వి, "అక్కకు చాలా సంతోషంగా ఉందట" అన్నావు. పేపర్లో అదే వేశారు.

నీకు వినపడలేదని సరిపెట్టుకుందామనుకున్నాను. కానీ నా మాట నీకు అర్థం కాని రోజంటూ లేదు. కడుపు మండిపోతోందిరా. అప్పటి నుంచి పాత సంగతులన్నీ ఒక్కొక్కటే తవ్వుకుంటున్నాను.

ఆ టీచరు మీద ఇన్నేళ్లూ పళ్లు నూరాను. ఫోటో రోజున ఆవిడతో నువ్వేం చెప్పావు?

అక్క